రెండో ఆదివారం చదువు

మరువలే బిడ్డా, ఎట్ల మరుస్త? బుధవారం ఫోన్ చేస్తనన్న, చెయ్యలే, నిజమే. గని ఈ వారమంత నేను ఏడేడ తిరిగిన్నో తెలిస్తే నువ్వు ఇట్ల మూతి ముడువవు. ఫోన్ల మూతి ఎట్ల కనబడుతుందా? నీ గొంతుల కనబడుతుంది.

చెల్లె ఏది? ఖోఖో ఆడుతుందా? ఆడనీ. పిలువకు. హిమజా, పిలువకు అన్న గద. కొద్దిసేపు ఆడనీ దాన్ని. ముందుగాల నువ్వు విను.

మీ టీచర్ ఏమనదులే. ఫోన్ నీకియ్యమని అడిగేటప్పుడే చెప్పిన, మేడం, మాట జర పొడుగున్నది, ఏమనుకోకుండ్రి అని. "మాట్లాడుకోండి, నాకు పేపర్లు దిద్దే పనుంది" అన్నది. మంచామె.

ఒక కథున్నది బిడ్డా, మీ ఇద్దరికి నేను ఎన్నడు చెప్పంది. ఎప్పుడు చెప్పాలె? నెలకు ఒక్క రెండో ఆదివారం మీ గురుకులం గేటు తీస్తరు. రెండు బస్సులు మారి అచ్చంపేట దిక్కు వచ్చేటాల్లకే ఎండ నెత్తి మీదికొస్తది. మీకు గారెలు పెట్టాలె, తలలకు నూనె రాయాలె, పేన్లు చూడాలె, జడలెయ్యాలె. చెల్లె తల ఒక్కటే సగం పూట మింగుతది. ఇగ కథలకు తీరిక ఏడుంటది?

అందుకే ఇప్పుడు చెప్త. విన్నంక కోపం చెయ్యి, నేనేమన.

అనంతమ్మ యాదికున్నదా? ఎండకాలం సెలవులల్ల మీరు ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడు, నేను పనిచేసే వృద్ధాశ్రమంల, చెల్లె జడ పట్టుకొని "ఇది జడనా, ఎలుక తోకనా" అన్నది చూడు. ఆమెనే. ఆమెను ఎవ్వలు తెచ్చి పడెయ్యలే. తనే వచ్చింది. కోడలు కూరల ఉప్పు ఎక్కువేస్తదని అలిగి, మూట కట్టుకొని వచ్చింది. ఈడికొచ్చి మా కూరల ఉప్పే లేదంటది.

పోయిన చలికాలం ఆమె తిండి మానేసింది. మొదలు రొట్టె వద్దన్నది. అటెన్క అన్నం. ఆఖరికి జావ గూడ. గ్లాసు పెదవుల కాడికి తీసుకపోతే తల అటు తిప్పుకునేది. మాట లేదు, తిట్టు లేదు. అనంతమ్మ తిట్టుత లేదంటే మాకు భయమయింది.

మన దిక్కు ఏమంటరు బిడ్డా? అన్నం విడిచింది అంటరు. ముసలోళ్లు అన్నం విడిచిండ్రంటే తొవ్వ పట్టిండ్రన్నట్టే. ఇగ బలవంతం చెయ్యొద్దు, సతాయించొద్దు, పోయే పానాన్ని ఆపితే పాపం అంటరు. మా నాయనమ్మ గట్లనే పోయింది, అందరు గట్లనే చెప్పుకున్నరు. నేను గూడ గదే అన్న. అని, ఆమె పెద్ద కొడుక్కి ఫోన్ చేసిన.

వచ్చిండ్రు. ట్రాక్టర్ కట్టుకొని వచ్చిండ్రు. కొడుకులు, కోడలు, బిడ్డలు, వాళ్ల బిడ్డలు, ఎవరో పాలోళ్లు, దాయాదులు. మా వరండాల చాప పరుసుకొని కూసున్నరు. ఒకాయన తత్వాలు అందుకున్నడు. కోడలు తులసాకు నీళ్లు పట్టుకొని తలకాడ నిలవడ్డది. డప్పులోళ్లకు కబురు చెప్పిండ్రంట, వాళ్లు గూడ వచ్చి గేటు బయట నీడకు కూసొని బీడీలు తాగుతున్నరు. లోపల కొడుకులిద్దరికి లొల్లి. అమ్మను ఏ చేన్ల, ఏ చెలుకల బొంద పెట్టాలె అని. ఒకడు బావికాడ అంటడు, ఒకడు రాళ్ల చెలుకల అంటడు.

ఆమె కండ్లు మూసుకొని పండుకున్నది. అన్ని వింటున్నది.

నవ్వకు, ఇంకా ఉన్నది.

ఆ నెల మా దగ్గర అరుణ అని ఒక పిల్ల పని నేర్చుకొననీకి వస్తుండె. నీకంటే నాలుగైదేండ్లు పెద్దది ఉంటదేమో. రావిర్యాల దిక్కు ఏదో కాలేజీల చదువుతున్నది, తెల్ల కోటు వేసుకొని వచ్చేది. ఆ దినం గూడ వచ్చింది. ఈ జాతరంత చూసింది. మెల్లగ నా పక్కకొచ్చి, "అక్కా, ఆమె నోరు చూసిండ్రా?" అన్నది.

నోరేం చూస్తరు పిల్లా, అన్న.

ఆ పిల్ల పోయి అనంతమ్మ తలకాడ కూసున్నది. ఫోన్ లైటు పట్టుకొని, చెంచ కాడతోని మెల్లగ నోరు తెరిపించింది. "నువ్వు గూడ చూడక్కా" అన్నది. వంగి చూసిన. నాలుక మీద పెరుగు తోడుకున్నట్టు తెల్లగ ఇంత మందం ఉన్నది. కట్టుడు పళ్ల సెట్టు కింద చిగుళ్లన్ని పుండయినయి. జావ చుక్క తగిలినా మండుతది. ఏం తింటది ఆమె? ఎట్ల తింటది?

అన్నం విడవలే బిడ్డా ఆమె. నోరు మండి తినలే. మేమేమో డప్పులోళ్లను పిలిచినం.

డాక్టర్ వచ్చి చుక్కల మందిచ్చిండు. పళ్ల సెట్టు తీసి పెట్టిండ్రు. వారం తిరగకముందే పాలల్ల నానేసిన రొట్టె తిన్నది. తిని, గోడకు ఒరిగి కూసొని, ఆమె మాట్లాడిన మొదటి మాట ఏందో తెలుసా? "నా సావుకొచ్చినోళ్లకు చాయన్న పోసిండ్రా లేదా?" అన్నది. రెండో మాట, "నన్ను రాళ్ల చెలుకల పెడ్తనన్నది చిన్నోడా, పెద్దోడా?"

నవ్వు నవ్వు. మేము గూడ నవ్వినం. ఆమె ఇప్పటికి మమ్ములను ఎక్కిరిస్తది, మంచిగ పోతుంటి, సెడగొట్టిండ్రు అని.

గని నాకు ఆ నవ్వు అయిపోయినంక ఒకటి పట్టుకున్నది. ఇన్నేండ్లసంది ఆ నోట్ల ముద్దలు పెడుతున్న. ఒక్కనాడన్న లోపలికి చూడలే. అప్పటిసంది ఎవలకు ముద్ద పెట్టబోయినా చెయ్యి ఆగుతది. ఈయన తినక వద్దంటుండా, తినలేక వద్దంటుండా? ఎట్ల తెల్వాలె నాకు?

డాక్టర్ చూసుకుంటడు అంటవా? డాక్టర్ వారానికోసారి వస్తడే. ముద్ద పెట్టేది నేను.

అరుణను అడిగిన, ఏం చదువు పిల్లా నీది అని. జెరంటాలజీ అన్నది. నాకు నోరు తిరగలే. ముసలితనం గురించిన చదువు అక్కా, రెండేండ్లు, ఇంటర్ పాసైతే చాలు అన్నది. నేను నవ్విన. ముసలితనం గురించి చదువుడేంది, బతికితే అదే వస్తది గద అన్న. ఆ పిల్ల గూడ నవ్వింది. నవ్వి, "వచ్చినోళ్లకు గూడ తెల్వదక్కా, ఏమొచ్చిందో" అన్నది.

నాకు ఇంటర్ ఉన్నది నీకు తెలుసా? తెల్వదా? ఉన్నది. అటెన్క మీ బాపును చేసుకున్న, అటెన్క నువ్వు.

అనంతమ్మ సంగతి మా ఆశ్రమం నడిపే పెద్దలకు తెలిసింది. తిట్టలేదు, పాపం. మీటింగ్ పెట్టుకున్నరు. మీటింగ్ అయినంక మేనేజర్ భూపాల్ సార్ నన్ను పిలిచి, "రమా, ఇగ రాత్రి డ్యూటీ చూసెటోళ్లకు ఆ చదువు ఉండాలె అన్నరు. చేరితే చాలు, చదువుకుంట పని చేసుకోవచ్చు. ఈ ఏడు చేరకుంటే నిన్ను రాత్రి డ్యూటీల ఉంచలేను" అన్నడు. ఎట్లన్నడంటే, చాయ్ తాగు అన్నంత అల్కగ అన్నడు. మరి లేకుంటే ఏంది సార్ అన్న. లేకుంటే ఏముంది, చూద్దాం అన్నడు. ఆ చూద్దాం అంటే ఏందో నాకెరికే. నా తర్వాత వచ్చిన ఇద్దరిని చూద్దాం అనే పంపిండ్రు.

మీ బాపుకు ఫోన్ చేసిన. ఆయన బోరు బండి మీద ఏడనో ఛత్తీస్‌గఢ్‌ల ఉన్నడు, ఎనుక మిషన్ మోతకు సగం మాట వినబడలే. అంత చెప్పిన. అంత విన్నడు. విని, "నీ ఇష్టం" అన్నడు. ఏది చెప్పినా నీ ఇష్టమే. మిమ్ములను గురుకులంల ఎయ్యాలె అన్ననాడు గూడ నీ ఇష్టం అన్నడు. ఆ మాట కంటే నాలుగు తిట్లు తిట్టినా నయముండు.

ఇగ కాలేజీలు చూస్తందుకు బయలెల్లిన. వారం నుంచి అదే పని. బుధవారం ఫోన్ అందుకే చెయ్యలే.

మొదలు శేరిగూడ పోయిన. దగ్గర గద, ఆటోల పోవచ్చు అనుకున్న. ఆడ రోడ్డు పొంటి కాలేజీలే గద. ఒకదాంట్ల ఈ చదువు కొత్తగ పెట్టిండ్రని విన్న. గేటు కాడనే ఒకాయన దొరికిండు, అమరేందర్ అంట, పిల్లలను చేర్పించే పీఆర్వో. నన్ను చూసి, "రా అక్కా, పాప ఏది?" అన్నడు. పాప లేదు తమ్మీ, నేనే అన్న. నన్ను కింది నుంచి మీది దాంక చూసిండు. మల్ల సర్దుకొని, "అక్కా, చదువుకు ఏజ్ ఏంది? ఇది చేస్తే జర్మనీ పోవచ్చు, జపాన్ పోవచ్చు, అంత ముసలోళ్లేనంట ఆడ" అన్నడు. నేను అచ్చంపేట పోయి వచ్చుడే ఎల్లుతలేదు తమ్మీ, జపాన్ ఏడికెల్లి పోత అన్న.

లోపలికి తీసుకపోయి ల్యాబ్ చూపించిండు. మంచి రూము, బిడ్డా. ఏసీ ఉన్నది. నడుమల మంచం మీద ఒక బొమ్మ, మనిషంత బొమ్మ, ముసలాయన బొమ్మ, ఇంక ప్లాస్టిక్ కవర్లనే ఉన్నడు. "దీని మీద అన్ని నేర్పిస్తం అక్కా, సూదులు, కట్లు, బోర్లించుడు, ఎల్లెలికల తిప్పుడు" అన్నడు.

దీని నోరు తెరుస్తదా అన్న.

ఆయన కవర్ జరిపి గదుమ పట్టి గుంజిండు. రాలే. నేను గూడ పట్టి చూసిన. రాలే. నోరు ఉన్నది గని గీసిన నోరు, తెరుసుకునే నోరు కాదు. అమరేందర్ అన్నడు, "నోటితోని ఏం పని అక్కా, ఆక్సిజన్ ముక్కుకు గద పెట్టేది" అని.

నేనొచ్చేసిన. మంచోడే ఆయన, ఆటో దాంక వచ్చి తోలిచ్చిండు. ఇప్పటికి ఫోన్ చేస్తడు, సీటు ఆపిన అక్కా అంటడు. ఆడ చేరితే నాకు కాగితమొస్తది. భూపాల్ సార్‌కు ఆ కాగితం చాలు. గని రేపు ఇంకో అనంతమ్మ తల తిప్పుకుంటే నేనేం జెయ్యాలె? బొమ్మ నేర్పుతదా నాకు?

అవ్, నీకు తెలుసు గద, నాకు గింత అనుమానమున్నా కాలు ముందుకు పడదు. మిమ్ములను చేర్పించేటప్పుడు మీ హాస్టల్ బావి మీద ఇనుప జాలి ఉన్నదా లేదా అని చూసినదాన్ని నేను.

అటెన్క పట్నం పోయిన. ఆడ ఒక కాలేజీ పెద్ద దవాఖానతోని కలిసి ఉంటది. బస్సు ఉత్తదే గద మన ఆడోళ్లకు, ఆధార్ కార్డు చూపెట్టి కూసున్న. ఆడ అన్ని మంచిగున్నయి. మనుషులే, మంచాలే, దగ్గులే. గని రోజూ క్లాసులు. పొద్దుగాల పోతే పొద్దుమూకిందాంక. నేనేమనుకున్న, రాత్రి డ్యూటీ దిగి అట్లనే బస్సెక్కుదాం, బస్సుల పండుకుందాం, ఎవలు చెయ్యట్లేదు గట్ల? ఒక్కపూట క్లాసుల కూసోనియ్యుండ్రి, చూసుకుంట అని అడిగిన. పాపం కూసోనిచ్చిండ్రు.

సార్ బోర్డు దిక్కు తిరిగిందే యాదికున్నది నాకు. లేసేటాల్లకు క్లాసు ఖాళీ. పక్కన కూసున్న పిల్ల నా కాగితం మీద రాసిపెట్టి పోయింది, "ఆంటీ, గురక మంచిగ పెట్టిండ్రు" అని. నవ్వుకుంటనే బస్సెక్కిన, ఏం జెయ్య?

ఆ చదువు కావాల్నంటే కొలువు విడవాలె. కొలువు విడిస్తే చదువు ఎందుకు మల్ల? కిరాయి ఎవలు కడ్తరు?

జర ఉండు బిడ్డా. ఆ, చెప్పు తాతా. ఇంక రాలే యాచారం బస్సు. వస్తది, కూసో. ఇయ్యాల ఏ చెలుకకు పోతున్నవ్? ఆముదాలకా? మంచిది. సంచి పక్కకు పెట్టుకో, ఎవలన్న తట్టుకొని పడ్తరు.

సిద్దయ్య తాత. రోజు ఈ యాల్లకు సంచి పట్టుకొని గేటు కాడికొస్తడు. యాచారంల ఉండె ఆయన చెలుక. ఫార్మా సిటీల పోయింది. ఆయనకు పోయిన సంగతే యాదికుండదు. మొదట్ల నేను చెప్పేదాన్ని, నీ భూమి పోయింది తాతా, ఏ బస్సు లేదు అని. చెప్పిననాడల్ల ఆయన ఇనంగనే కొత్తగ ఏడ్సేటోడు. రోజూ కొత్తగ. అరుణ చూసి, అక్కా, ఎందుకు చెప్తవ్, ఏం పంటేసినవో అడుగు అన్నది. అడిగిన. ఇప్పుడు ఏడుస్తలేడు. ఆముదాల ముచ్చట చెప్తడు, చాయ్ తాగుతడు, లోపలికొస్తడు.

గింత మాట. గింత మాట తెల్వక ఒక మనిషిని ఎన్ని దినాలు ఏడిపించిన్నో.

ఏం చెప్తుంటి? ఆ, మూడో కాలేజీ. అరుణ చదివే కాలేజీ. రావిర్యాల అవతల. బిల్డింగు చూస్తే కాలేజీ అనుకోవు, కోళ్ల ఫారం అనుకుంటవ్. రేకుల షెడ్డు, ముందట నాలుగు కానుగ చెట్లు. గని లోపల మంచాలున్నయి, మంచాల మీద నిజమైన ముసలోళ్లున్నరు. ఆడనే ఉంటరు, పిల్లలు వాళ్ల కాడనే నేర్చుకుంటరు.

పెద్ద మేడం ఉన్నది. ఎందుకు చదువుతనంటున్నవమ్మా అని అడిగింది. అనంతమ్మ కథ చెప్పిన. ఈ కథ వింటే ఎవలైనా నవ్వుతరు గద, ఆమె నవ్వలే. లేసి, నన్ను ఒక ముసలాయన మంచం కాడికి తీసుకపోయింది. చేతికి టార్చి ఇచ్చింది. "చూడు" అన్నది.

ఏం చూడాలె మేడం అన్న. మల్ల "చూడు" అన్నది, అంతే.

నాయనా, జర నోరు తెరువు అన్న. తెరిచిండు. మెల్లగ అటు చూసిన, ఇటు చూసిన. ఎడమ దిక్కు ఎనుక ఒక పన్ను విరిగి, అంచు కత్తి లెక్క ఉన్నది. నాలుక పక్కకు గీసుకపోయి ఎర్రగయింది. మేడం, ఈయన ఈ దిక్కు నమలడు గద అన్న. "నమలడు" అన్నది ఆమె. "అందుకే అన్నం సగం మిగిలిస్తడు" అన్న. ఆమె తల ఊపింది.

నేనే చూసిన బిడ్డా. ఎవలు చూపెట్టలే. నాకు చేతుల వెంట్రుకలు లేసినయి. పది పాసైననాడు గూడ నాకు గట్ల కాలే.

ఆడ ఒక బ్యాచుకు క్లాసులు ఆదివారాలే. కొలువు చేసుకునేటోళ్ల కోసమే పెట్టిండ్రు. మిగిలిన దినాలు మన ఆశ్రమంల చేసే పనినే లెక్కల పట్టుకుంటరు. నాకు పానం లేసొచ్చింది. కొలువుంటది, చదువుంటది, అన్నీ కుదిరినయి అనుకున్న.

ఆదివారాలు అంటే అన్ని ఆదివారాలు బిడ్డా.

ఏంది, వినబడుతుందా?

ఆ. రెండో ఆదివారం గూడ.

జర ఆగు, నన్ను చెప్పనీ. అడగలేదనుకున్నవా? అన్ని ఆదివారాలు వస్త మేడం, పొద్దుగాల వచ్చి ఊడ్సమన్నా ఊడుస్త, ఆ ఒక్క రెండోది విడువుండ్రి, నా పిల్లలను చూసే దినం అని కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. మిగతావి ఒకటి రెండు తప్పినా పర్వాలేదు గని అదొక్కటే తప్పొద్దంట. పట్నంకెల్లి పెద్ద డాక్టర్ ఆ ఒక్క దినమే వస్తడంట, మంచాల కాడ నిలవడి నేర్పిస్తడంట. అది తప్పితే పరీక్షకు కూసోనియ్యరు. ఆమె ఏమన్నదో తెలుసా? "ఈ ఆదివారం బ్యాచ్‌లో చదివేవాళ్లంతా తల్లులే అమ్మా. ఎవరి ఆదివారం తీసి నీకివ్వాలి?" అన్నది. కోపంగ అనలే. మెల్లగ అన్నది.

మీ ప్రిన్సిపాల్‌కు గూడ ఫోన్ చేసిన. మూడో ఆదివారం రానియ్యుండ్రి, లేకుంటే శనివారం ఒక్క గంట, గేటు అవతల్నే నిలవడి చూసుకొని పోత అన్న. "రమా, నీకోసం ఒకనాడు తీస్తే, ఇంకొకరికోసం ఇంకొకనాడు తియ్యాలె. ఆడపిల్లల హాస్టల్, రోజు గేటు తీసి పెట్టమంటవా?" అన్నది. ఏమంట? మీ భద్రం కోసం పెట్టిన గేటే అది. ఆ గేటు గట్టిగుందనే గద నేను మిమ్ములను ఆడ వేసింది.

ఎవలతోని కొట్లాడాలె చెప్పు. భూపాల్ సార్ మాట నిజమే. ఆ మేడం మాట నిజమే. మీ ప్రిన్సిపాల్ మాట నిజమే. తప్పు పట్టనీకి ఒక్కరన్న దొరికితే ఇంత గుబులుండకపోవు.

శేరిగూడల చేరితే? అవ్, ఆడ వారంల రెండు పూటలే, ఆదివారం సెలవే. నేను అనుకోలేదా? మూడు దినాలు అదే అనుకున్న. ఎవలకు తెలుస్తది? కాగితమొస్తది, కొలువుంటది, రెండో ఆదివారం మీ కాడికొస్త. శుక్రవారం ఆటో గూడ ఎక్కిన, శేరిగూడ పోయి పేరిద్దామని. ఎక్కేముందట అనంతమ్మకు ఉప్మా పెట్టొచ్చిన. రెండు ముద్దలు తిని తల తిప్పుకున్నది. గిన్నె కింద పెట్టిన. ఏందమ్మా, నోరు మండుతుందా అన్న. "ఉప్పు లేదే" అన్నది.

ఉత్తగనే అన్నది బిడ్డా. గని నేను ఆటోల కూసొని, శేరిగూడ కాడ దిగలే. దిగబుద్ధి కాలే.

నిన్న సోమవారం రావిర్యాల పోయిన. పేరు రాయించిన.

ఆ. నిన్ననే. ఈ రెండో ఆదివారమే మొదటి క్లాసు.

హిమజా? ఉన్నవా?

సరేనా? అంత జల్ది సరే అనకే. జర కొట్లాడు నాతోని. రావాల్సిందే అను. ఎందుకు చేర్పించినవ్ ఈడ అను. తొమ్మిదో తరగతి పిల్ల ఇట్ల సరే అంటే నాకు ఎట్లుంటది? మీ బాపు నీ ఇష్టం అన్నట్టే ఉన్నది.

దసరాకు వస్తరు గద. సంక్రాంతికి, ఎండకాలానికి వస్తరు. నడుమ నడుమ ఫోన్ ఉన్నది. నువ్వు పది అయిపోయేటాల్లకు నాది గూడ అయిపోతది. రెండేండ్లు ఎంతల పోతయి అంటరు అందరు. మన పక్కూరు యాచారం లింగం అన్న లేడా, ఆయన బిడ్డ గూడ మీ కాడనే చదువుతది గద. ఆయనతోని అడిగి పెట్టిన. రెండో ఆదివారం రెండో ఆదివారం డబ్బ పంపిస్త. పట్టుకొస్తనన్నడు. ఆయన మంచోడు, దారిల గారెలు తినడు. ఒకటి రెండు తింటే తిననీ.

నీకు కోపమొస్తలేదా? నిజంగనా? మరి ముక్కు ఎందుకు చీదుతున్నవ్?

మీ దోస్తు ఏమన్నదో నాకు తెలుసులే. మీ అమ్మ ముసలోళ్లను కడుగుతది అన్నదంట గద. చెల్లె చెప్పింది. నువ్వు దాంతోని మాట్లాడుడు బందు చేసినవంట. మాట్లాడు బిడ్డా. అది అన్నది అబద్ధమా? కడుగుత. మిమ్ములను కడగలేదా, గట్లనే.

ఎవలు? చెల్లె వచ్చిందా? ఆగు, ఇప్పుడే ఇయ్యకు, నేను ఇంక...

హలో. హర్షితా. గెలిచిండ్రానే? ఓడినా మంచిదే. మోకాలు కొట్టుకపోయిందా? మట్టి కడుక్కో, ఊకె గోకకు. అన్నం తిన్నవా? ఏం కూర? వంకాయనా, తినాలె, ఏరి పక్కకు పెట్టకు.

ఆదివారమా?

ఆ. ఏం కావాలె నీకు? గారెలు. ఇంకా? నువ్వుల లడ్డు. చేస్త. పేన్లు మస్తయినయా? అక్కకు చూపెట్టరాదు. అక్క గుంజుతదా? గుంజదులే, నేను చెప్త. ఎర్ర రిబ్బన్లు. సరే. సరే చిన్నా.

ఆ... వస్తయి. గారెలు వస్తయి.

పో, మోకాలు కడుక్కో. అక్కకియ్యి.

పోయిందా? దూరం పోయిందా?

విన్నవు గద. చెప్పలే. నోరు తెరిచిన బిడ్డా, మాట రాలే. ఎవల నోట్ల ఏమున్నదో చూసే చదువుకు పోతున్న, నా నోట్లకెల్లి ఒక్క మాట రాలే.

నువ్వే చెప్పాలె. నా తల్లివి గద. నేను చెప్తే అది ఫోన్ల ఏడుస్తది, నేను ఈడికెల్లి ఏం జెయ్య, కండ్లు తుడవనీకి లేదు, ఎత్తుకోనీకి లేదు. నువ్వయితే పక్కనుంటవ్.

దాని చెవు ఎనుక చిన్న పుండున్నది, పోయినసారి చూసిన. దువ్వెన పెట్టేముందు వెంట్రుకలు జరిపి చూడు. ముందుగాల చూడు, అటెన్క దువ్వు. గుంజుతవని అందుకే అంటది, ఊకెనే అనదు.

ఇయ్యాల చెప్పకు. పండుకునేముందు అసలే చెప్పకు. రేపు ఇంటర్వెల్ల కూసోబెట్టుకొని అనంతమ్మ కథ చెప్పు. అది ఎన్నడు వినలే గద. ట్రాక్టర్ కాడికెల్లి మొదలువెట్టు. డప్పులోళ్లు గేటు బయట బీడీలు తాగింది చెప్పు. చాయ్ మాట అనంతమ్మ గొంతుతోనే అను, నీకొస్తది. అమరేందర్ బొమ్మ గదుమ పట్టి గుంజింది గూడ చెప్పు. నా గురక చెప్పు, ఏం కాదు. కడుపునిండ నవ్వనీ దాన్ని.

అమ్మ ఈసారి రాదు అని చెప్పు. ఈసారి అనే చెప్పు. రెండేండ్లు అనకు. అది దసరాకు వచ్చినప్పుడు నేను చెప్త. చెప్తనో లేదో. ఏమో.

గని మంచిగ నవ్వినంకనే చెప్పు బిడ్డా.